బాణాలు పైకుండాలె

కొండగట్టు స్టేజీ దగ్గర బస్సు దిగేసరికి ఇంకా తొమ్మిది కాలేదు. తారు రోడ్డు మాత్రం అప్పుడే వేడి కక్కుతోంది. వైశాఖం సగం దాటింది, బహుళ దశమికి పెద్ద జయంతి. మండలం పాటు దీక్షలో ఉన్న స్వాములు కాషాయ బట్టల్లో, మెడలో మాలలతో, రామనామం చెప్పుకుంటూ గుట్ట దిక్కు సాగిపోతున్నారు. మీరు వాళ్ళ వెంట పోవడం లేదు. మీ పక్కన నడుస్తున్న పిల్లగాడి భుజానికి పొడుగాటి నల్ల సంచి వేలాడుతోంది. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలో ఇంజనీరింగ్ మూడో ఏడు. చదువు సంగతి ఎట్లా ఉన్నా, సాయంత్రమైతే జగిత్యాలలో స్నూకర్ టేబుల్ దగ్గర కనబడతాడు. సంచిలో ఉన్నది అతని క్యూ. నెల రోజులుగా అది తన మాట వినడం లేదని అతని బాధ.

దారిలో ఓ కోతి సంచి మీద చెయ్యి వెయ్యబోయింది. పిల్లగాడు జిప్పు తీసి కర్ర కొస చూపించాడు. అంతే, గోడెక్కింది. కొండగట్టు కోతులకు కర్ర అంటే కర్రే. అది యాష్ కట్టెనా, మేపుల్ కట్టెనా అన్న పట్టింపు మనుషులది.

ముత్యంపేట దిక్కు తిరిగితే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లోపలికి అడుగు పెడుతూనే టేకు వాసన ముక్కుకు కొడుతుంది. సగం అయిన దర్వాజ ఒకటి గోడకు ఆనించి ఉంది. కింద రందా పొట్టు చీలమండల దాకా. వడ్ల తాత తలెత్తి చూసి, "ఏంది బిడ్డా, గంత పొడుగు సంచిల ఏం దెచ్చినవ్, తుపాకా?" అన్నాడు.

"కాదు తాతా, క్యూ. స్నూకర్ ఆడే కట్టె. జర వంకరైనట్టుంది, సూడరాదే. రందా పట్టి సక్కగ జెయ్యి."

తాత నవ్వాడు. "రందా పడితె సన్నమైతది బిడ్డా, సక్కగెట్లయితది?"

అయినా చెయ్యి చాచాడు. రెండు ముక్కల క్యూ అది. మొదలు ముక్క పొట్టిది, బరువైనది, నల్లనిది. రెండోది పొడుగ్గా, లేత గోధుమ రంగులో, కొసకు పోయేకొద్దీ సన్నబడుతూ పోతుంది. కొసన ఇత్తడి పొన్ను, దాని మీద తోలు టిప్. రెంటినీ కలిపే ఇత్తడి మర విప్పి, తాత పొడుగు ముక్కను కంటికి ఎదురుగా ఎత్తి పట్టాడు. ఒక కన్ను మూశాడు. తుపాకి అని తాను అన్న మాటకు తగ్గట్టే ఉందా చూపు. తర్వాత చెక్క బల్ల మీద దొర్లించాడు. కర్ర దొర్లుతుంటే దాని కింద సన్నని వెలుగు గీత పడుతోంది, మూసుకుపోతోంది, మళ్ళీ పడుతోంది. వంకర ఉన్నట్టే.

ఇక్కడితో అయిపోయేదే. కానీ తాత ఆ కర్రను ఇంకా కింద పెట్టలేదు. బొటనవేలితో నిమురుతూ మెల్లగా తిప్పుతున్నాడు. అతని కళ్ళు వంకర మీద లేవు, గీతల మీద ఉన్నాయి.

మీరూ దగ్గరికి వంగి చూడండి. క్యూకు నాలుగు పక్కలున్నాయనుకుంటే, ఎదురెదురుగా ఉన్న రెండు పక్కల మీద కొస దాకా నిలువు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. మిగిలిన రెండు పక్కల మీద మాత్రం గీతలు కలిసి మొనదేలాయి. సన్నగా, పొడుగ్గా, బాణాల్లా, అన్నీ టిప్ వైపే చూస్తూ. ఆటగాళ్ళు మురిసిపోయేది ఈ బాణాలను చూసే. క్యూ కొనేటప్పుడు బేరమాడేదీ వీటి మీదనే. కొట్టే ముందు బాణాలు పైకి వచ్చేట్టు క్యూను తిప్పి పట్టుకోవడం మన పిల్లగాడికి ఎంత అలవాటంటే, పరీక్ష హాల్లో పెన్ను కూడా అట్లాగే తిప్పుతాడట.

ఆ బాణాలు ఎవరూ చెక్కినవి కావు. ఈ క్యూ యాష్ కట్టెది. యాష్ చలి దేశాల చెట్టు. మనకు చుట్టరికం లేదనుకుంటాం గానీ వృక్షశాస్త్రం లెక్కన అది మన మల్లెపూల కుటుంబంలోదే. వసంతం రాగానే తొందర తొందరగా నీళ్ళు తోడుకోవడానికి పెద్ద పెద్ద గొట్టాలున్న పొర ఒకటి కడుతుంది. వేసవి ముదిరాక గొట్టాలు చిన్నవై, కట్టె గట్టిపడుతుంది. ఏడాదికో మెత్తని పొర, దాని మీద గట్టి పొర. మన టేకు కూడా ఇట్లాంటిదే. ఎండల్లో ఆకు రాల్చి, వానకు చిగిర్చినప్పుడు పెద్ద రంధ్రాల వరుస వేస్తుంది. కాబట్టి తాతకు ఈ పరదేశపు కట్టె కొత్తేమీ కాదు.

ఇప్పుడా పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చిన కాగితాల దస్తా అనుకోండి. ఆ దస్తాలోంచి కొస సన్నగా, మొదలు లావుగా ఉండే కర్రను చెక్కితే, పైనున్న కాగితం కొస దాకా రాదు, మధ్యలోనే తెగిపోతుంది. తెగిన చోట మొనదేలుతుంది. అదే బాణం. కింది కాగితం ఇంకాస్త ముందుకు వచ్చి తెగుతుంది, అదింకో బాణం. కొస దగ్గర కర్ర సగం మందం 5 మిల్లీమీటర్లు, నల్ల మొదలు చేరే చోట 11 అనుకుందాం. తేడా 6. పొర మందం 2 మిల్లీమీటర్లైతే ఒక్కో పక్కన మూడు బాణాలు వస్తాయి. పొర 1 మిల్లీమీటరే అయితే ఆరు. అంటే బాణాల లెక్కలో మర్మం ఏమీ లేదు. చెట్టు ఏడాదికి ఎంత లావెక్కిందో చెబుతుంది, అంతే.

తాత చూస్తున్నది లెక్క కాదు. రెండు పక్కలనూ పోల్చి చూస్తున్నాడు.

"గిటు సూడు. గీ దిక్కు మొనలు దగ్గెర దగ్గెర ఉన్నయి, ఏడెనిమిది. గా దిక్కు తిప్పితె ఒక్కటే ఉన్నది, అది సుత సాగదీసినట్టున్నది. గిది కట్టె తప్పు గాదు బిడ్డా. కోసినోని తప్పు."

పిల్లగాడి మొహం చిన్నబోయింది. ఎందుకంటే దగ్గర దగ్గరగా బాణాలున్న ఆ పక్కను చూసే అతను దీన్ని కొన్నాడు. తాత చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పొరలు కర్ర నడుముకు సమాంతరంగా ఉంటే రెండు పక్కలా బాణాలు ఇంచుమించు సమానంగా రావాలి. రంపం కాస్త వాలుగా పోయిందనుకోండి, మీటరు పొడవుకు ఆరేడు మిల్లీమీటర్లు చాలు, ఒక పక్క పొరలు కర్ర వాలుతో కలిసిపోతాయి. అక్కడ బాణాలే ఉండవు. రెండో పక్క పొరలు రెట్టింపు తెగుతాయి. అక్కడ బాణాలు కిక్కిరిసిపోతాయి. అంగట్లో అందంగా కనిపించే పక్క అదే.

అట్లా వాలుగా కోసిన కర్రలో నార కొస దాకా రాదు, మధ్యలోనే బయటికి పోతుంది. కలప బలమంతా నార పొడవునే ఉంటుంది, అడ్డంగా చూస్తే దాని బిగువు పదో వంతుకు అటూ ఇటూ. నార 20 అంగుళాల పొడవుకు ఒక అంగుళం పక్కకు వాలితే వంచినప్పుడు తట్టుకునే బలం ఏడు శాతం దాకా తగ్గుతుంది. 10 అంగుళాలకు ఒక అంగుళం వాలితే దాదాపు ఐదో వంతు పోతుంది. స్నూకర్‌లో కర్ర విరగడమనేది అరుదు కాబట్టి బలం మాట అట్లా ఉంచండి. అసలు చిక్కు ఎండతో, తేమతో. కట్టె ఆరినప్పుడు పొడవులో దాదాపుగా కుదించుకుపోదు, అడ్డంలో కుదించుకుపోతుంది. అందులోనూ పొర వెంబడి కుదింపు, పొరకు అడ్డంగా ఉండే కుదింపు కంటే ఎక్కువ. నార తిన్నగా ఉన్న కర్ర వంగకుండా సర్దుకుంటుంది. నార వాలిన కర్రలో ఒక పక్క కుదింపు పొడవులోకి చొరబడి, నడుమును లాగుతుంది. 45 డిగ్రీల ఎండలో బైకు మీద తెచ్చి, ఏసీ గదిలో పెట్టి, మళ్ళీ హాస్టల్ రేకుల కిందికి తీసుకుపోతే జగిత్యాల ఎండాకాలం దాన్ని తనకు తోచినట్టు వంచేస్తుంది. ఈ క్యూకు జరిగింది అదే.

"మరి గిది సూడు" అని తాత ఒక మొద్దును కాలితో తోశాడు. గొడ్డలి కామ కోసం ఎవరో రైతు ఇచ్చిపోయిన కట్టె. చరచి అంటారు కొందరు, తడ అంటారు కొందరు. కవ్వాల అడవుల్లో దొరికే చెట్టు. సాగే గుణం, దెబ్బ తట్టుకునే గుణం రెండూ ఉన్నాయి. పనిముట్ల కామలకు, బండి కర్రలకు, ఒకప్పుడు విల్లుకు వాడేవాళ్ళు. బిల్లియర్డ్ క్యూలకు కూడా పనికొస్తుందని కలప పుస్తకాల్లో పేరు పడింది. యాష్ దొరకని చోట దీన్ని వాడుకోవచ్చన్నారు గానీ, మన దగ్గర ఎవరూ అంత శ్రద్ధ పెట్టినట్టు కనబడదు.

తాత రంపం తీయలేదు. మొద్దును నిలబెట్టి, గొడ్డలి అంచును సరిగ్గా గుండె మీద ఆనించి, సుత్తెతో ఒక్కటిచ్చాడు. టప్‌మని కింద దాకా చీలింది. చీలిన ముఖం చేతికిచ్చి, "నిమిరి సూడు" అన్నాడు. కొంచెం మెలిక ఉంది. పైనుంచి కిందికి వచ్చేసరికి చీలిక కుడికి జరిగింది, మీ చిటికెన వేలంత.

"రంపం దాని దారిన అది పోతది. గొడ్డలి కట్టె దారిన పోతది. కామ జేసేటప్పుడు ముందుగాల చీరాలె, గప్పుడు దెలుస్తది లోపలేమున్నదో. దీని కింది ముక్క పక్కకు పెట్టిన. రెండేట్ల విరిగే కామ జేసిస్తె నా పేరు పోతది."

ఈ మెలిక వేరే జాతిది. ఇందాక క్యూలో చూసింది పొరలే వాలిన వంకర, అది బాణాలను చూస్తే తెలుస్తుంది. ఇది పొర లోపలే నార పక్కకు తిరిగిన వంకర. చెట్టు మెలితిరుగుతూ పెరిగితే వచ్చేది. బాణాలు చక్కగానే ఉంటాయి, మోసం వాటి లోపల ఉంటుంది. దాన్ని పట్టడానికి గొడ్డలి అక్కర్లేని ఉపాయం ఒకటుంది. పిల్లగాడి జేబులో ఇంకు పెన్ను ఉంటే తీసుకోండి. రంగు, వార్నిష్ లేని పచ్చి చెక్క మీద ఒక్క చుక్క పెట్టండి. చూడండి, చుక్క గుండ్రంగా ఉండదు. సన్నని గొట్టాల వెంట పాకి గీత అవుతుంది. ఆ గీత కర్ర నడుముతో కలిసి పోతోందా, పక్కకు పోతోందా, అదే నార దారి.

ఈ ఇంకు చుక్కకు అమెరికాలో పెద్ద కథే ఉంది. అక్కడ బేస్‌బాల్ బ్యాట్లు తరతరాలుగా యాష్‌వి. తర్వాత మేపుల్ వచ్చింది. మేపుల్ బ్యాటు విరిగితే యాష్ లాగా చిట్లి ఊరుకోదు, రెండు ముక్కలై మొన ఉన్న ముక్క మైదానంలోకి ఎగురుతుంది. 2008లో పెద్ద లీగ్‌వాళ్ళు విరిగిన బ్యాట్లన్నీ పోగేసి, కలప శాస్త్రజ్ఞుల చేత చూపించారు. తేలిందేమిటంటే నార వాలు. మేపుల్ మీద గీతలు కంటికి ఆనవు కాబట్టి వంకర కర్రలు ఎవరి కంటా పడకుండా బ్యాట్లయిపోతున్నాయి. అప్పటి నుంచి మేపుల్ బ్యాటు పిడి మీద ఇంకు చుక్క పెట్టి చూపించాలి, వాలు 3 డిగ్రీలు దాటకూడదు. 3 డిగ్రీలంటే ఇంచుమించు 20 అంగుళాలకు ఒక అంగుళం. అక్కడి ప్రయోగశాల గీసిన గీత, ఇక్కడ తాత పక్కన పెట్టిన ముక్క, రెండూ ఒకే చోట నిలబడ్డాయి.

తాత ఈలోగా నల్ల మొదలును చేతిలోకి తీసుకుని తూచినట్టు ఆడించాడు. "గిది తునికి చేవ లెక్కనే ఉన్నది."

లెక్క కాదు, చుట్టమే. క్యూ మొదళ్ళకు వాడే ఎబొనీ, మన తునికి ఒకే ప్రజాతి చెట్లు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో తోట పెట్టి కోరమండల్ తీరపు మొక్కలను గీయించిన విలియం రాక్స్‌బర్గ్ తునికికి శాస్త్రీయ నామం పెట్టాడు. కోరమండల్ ఎబొనీ అన్న పేరు కలప వ్యాపారంలో ఇప్పటికీ ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఒళ్ళో చాటలో కనబడేది ఆ చెట్టు ఆకే. ఆకు కోసం ఏటా కొట్టే తుప్పల్లో ఈ నలుపు ఉండదు, బాగా ముదిరిన చెట్టు గుండెలోనే దొరుకుతుంది. క్యూలో దాని పని బరువు మోయడం. కొస తేలికగా, మొదలు బరువుగా ఉంటే ఊపు మెత్తగా వస్తుంది. నార పట్టింపు ఇక్కడ అంత లేదు. పొణికి కట్టెతో నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ళు తేలికదనం చూసుకున్నట్టు, ఇక్కడ బరువు చూసుకుంటారు.

"ఏం జేద్దాం తాతా మరి?"

"ఏం జేస్తవ్. ఆడుకో. వంకర ఏ దిక్కున్నదో ఎరికైంది గద, గా దిక్కు కిందికి పెట్టి కొట్టు. లేకుంటె ఇంకోటి కొనుక్కో. కొనేటప్పుడు ఒక్క దిక్కే సూడకు."

పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. గుట్ట మీద కొబ్బరికాయ కొట్టు పో అన్నాడు. పిల్లగాడు కొట్టలేదు. జగిత్యాల దారి పట్టాడు.

పదిహేను కిలోమీటర్లు. స్టేజీ దగ్గర పెట్టిన అతని బైకు వెనక మీరు కూర్చుని సంచిని నిలబెట్టి పట్టుకున్నారు, ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సులన్నిటికీ అది జెండాలా కనబడుతోంది. జగిత్యాలలో ఓ దుకాణం పైన మెట్లెక్కితే చీకటి గది. తలుపు తీయగానే ఏసీ చల్లదనం, చాక్ పొడి వాసన, బంతి బంతికి తగిలిన ఆ ఒక్క చప్పుడు. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఆకుపచ్చ బనాతు.

ఈ ఆట ఎక్కడో లండన్‌లో పుట్టిందనుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. 1875లో జబల్‌పూర్‌లో, వానాకాలంలో బయటికి పోలేక విసుగెత్తిన సైనికాధికారుల మెస్సులో పుట్టింది. బిల్లియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు కలిపిన యువ అధికారి పేరు నెవిల్ చాంబర్లేన్, తర్వాతి కాలపు బ్రిటన్ ప్రధానమంత్రి కాదు, వేరే మనిషి. నియమాలు ఊటీ క్లబ్బులో 1880ల్లో గోడకెక్కాయి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బర్రోస్ అండ్ వాట్స్ కంపెనీ బల్ల ఇప్పటికీ ఉంది. నవాబుల గదిలోంచి జగిత్యాల మేడ మెట్ల దాకా రావడానికి ఆటకు నూరేళ్ళు పట్టింది.

పిల్లగాడు టేబుల్ మీదికి వంగాడు. మీరు కూడా ఒక క్యూ తీసుకుని పక్కన వంగండి. గోడకున్న స్టాండులోది, వార్నిష్ మందంగా పూసిన పార్లర్ క్యూ. ఎడమ చెయ్యి బనాతు మీద పరిచి, బొటనవేలు ఎత్తి చూపుడువేలుకు ఆనించండి. ఆ సందులో కర్ర నడుస్తుంది. ముందుకు, వెనక్కి. చెమట పట్టిన చేతికి వార్నిష్ అంటుకుంటోంది కదా. ఇప్పుడు పిల్లగాడి క్యూ తీసుకోండి. నూనె పట్టించి తుడిచిన ఒట్టి కట్టె. జారుతోంది, కానీ పూర్తిగా నునుపు కాదు. యాష్‌లో ఆ వసంతపు గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. రంధ్రాలు పూడ్చి నల్లగా తేల్చినా సన్నని గరుకు మిగులుతుంది. కళ్ళు మూసుకుంటే బాణాలున్న పక్క వేలికి వెడల్పు చారలుగా, నిలువు గీతల పక్క దువ్వెన పళ్ళంత సన్నగా తెలుస్తుంది. మేపుల్ క్యూ అయితే ఏమీ తెలియదు. దాని గొట్టాలు సన్నవి, ఏడాది పొడవునా ఒకే తీరుగా చల్లినట్టుంటాయి. నార చేతికి తగలడం అని ఆటగాళ్ళు చెప్పే దాంట్లో నిఖార్సయిన భాగం ఇదే. బొటనవేలి సందు మీద చర్మానికి, కట్టెకు జరిగే మాట.

మిగతా భాగం గురించి నాకు అనుమానాలున్నాయి. దగ్గర దగ్గర గీతలుంటే కర్ర బిగువుగా ఉంటుందని పిల్లగాడి నమ్మకం, పార్లర్లో సగం మంది నమ్మకం. యాష్ విషయంలో అది తిరగబడుతుంది. ఏటేటా గొట్టాల పొర మందం పెద్దగా మారదు, చెట్టు త్వరగా పెరిగితే మారేది గట్టి పొర మందం. కాబట్టి గీతలు కొంచెం దూరంగా ఉన్న యాష్ సాధారణంగా బరువు, బలం రెంటిలోనూ మేలు. గీతలు మరీ కిక్కిరిస్తే కర్ర నిండా గొట్టాలే.

ఇంకోటి. గుండ్రటి కర్ర బిగువు దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కొస 9.5 మిల్లీమీటర్ల నుంచి 10కి పోతే, అంటే గోరు మందం తేడాకు, బిగువు అక్కడ 23 శాతం పెరుగుతుంది. ఏ రెండు మంచి యాష్ కర్రల మధ్యా నార ఒక్కటే ఇంత తేడా తేవడం కష్టం. కొలబద్ద చేసిన పనికి గీతలు పేరు కొట్టేస్తున్నాయి.

పిల్లగాడు తెల్ల బంతికి సైడ్ పెట్టి కొట్టాడు, ఎడమ అంచు మీద. బంతి గురి కంటే పిసరంత కుడికి తోసుకుపోయి, నీలం బంతి అంచున రాసుకుంది. "గదే, సూసిన్రా? నెల నుంచి గిట్లనే పోతుంది."

సైడ్ పెట్టినప్పుడు బంతి పక్కకు తోసుకుపోవడం ప్రతి క్యూకూ ఉంటుంది. ఎంత పోతుందన్నది ఎక్కువగా కొస దగ్గరి జానెడు కర్ర బరువు మీద ఆధారపడుతుంది. బరువెక్కువైతే తోపు ఎక్కువ. టిప్‌కు, బంతికి మధ్య తాకిడి సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు. ఆ కాస్త వ్యవధిలో అదురు కర్ర వెంట సెకనుకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తి మీ పిడికిలి చేరిపోతుంది. నార అడ్డంగా ఉంటే ఆ వేగం మూడో వంతే. కానీ పిడికిలి నుంచి కబురు మెదడుకు అందేలోపు బంతి తన దారిన పోయి ఉంటుంది. మంచి దెబ్బ చేతికి తెలిసిందని ఆటగాడు అంటే, జరిగిపోయిన దెబ్బ గురించి అంటున్నాడన్నమాట. అయితే ఆ కబురు వృథా కాదు. వెయ్యి దెబ్బల కబుర్లు పోగైతే చెయ్యి నేర్చుకుంటుంది. ప్రతిసారీ కర్ర ఒకే పక్కకు తిరిగి ఉంటేనే ఆ నేర్పు నిలుస్తుంది. బాణాలు పైకుండాలన్న పట్టుదలలో నాకు కనబడే గట్టి కారణం ఇది. బాణాల్లో మహిమ ఉండి కాదు. ఆ గుర్తు లేకపోతే కర్ర రోజుకో తీరుగా తిరుగుతుంది. వంకర ఒకరోజు ఎడమకు, ఒకరోజు కుడికి.

పిల్లగాడు క్యూను తిప్పాడు. తాత చెప్పిన పక్క కిందికి పెట్టాడు, బాణాలు దాదాపు లేని మొహం పైకి వచ్చింది. చాలా సేపు చూశాడు. "గిట్ల అసలు గురే కుదుర్తలేదు" అని గొణిగాడు. అదీ నిజమే. బాణం మొనలు బంతి దాకా చూపును తీసుకుపోతాయి. కంటికి తోడు పోతే చేతికి ధైర్యం చాలదు.

ఈ మాటలకు నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు. స్టీఫెన్ హెండ్రీ ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది చవక క్యూతోనే. చిన్నప్పుడు కొన్నదాన్ని 2003లో విమాన ప్రయాణంలో విరిగిపోయేదాకా వదల్లేదు. హైదరాబాద్ నుంచి లక్కీ వట్నాని ప్రొఫెషనల్ ఆట దాకా పోయాడు, అదేమీ గీతలు లెక్కపెట్టి పోయిన దూరం కాదు. అయితే చవకదంటే వంకరదని కాదు. తిన్నగా చీలిన చెట్టు నుంచి వచ్చిన చవక కర్రలు ఉంటాయి, వాలుగా కోసిన ఖరీదైన కర్రలూ ఉంటాయి.

కాకపోతే ఏరుకునే వీలు తగ్గిపోతోంది. యూరప్‌లో యాష్ చెట్లకు పట్టిన శిలీంధ్రపు తెగులు 1990ల్లో పోలెండ్‌లో మొదలై, 2012లో బ్రిటన్ చేరింది. అమెరికాలో 2002లో బయటపడ్డ ఆసియా పురుగు కోట్ల చెట్లను తినేసింది. నిదానంగా ఎండిన, నిటారుగా పెరిగిన మొద్దు దొరకడం కష్టమైతే రంపం ఉన్నదాంట్లోనే వీలైనన్ని ముక్కలు తీస్తుంది. వాలైనా సరే.

పార్లర్ చూసుకునే మార్కర్ అన్న అమ్మకానికున్న క్యూలు మూడు తెచ్చి బల్ల అంచున పెట్టాడు. "ఇవి జూడు తమ్మీ. గీ నడిమిది ఒక్కసారి జూడు, బాణాలు గుత్తులు గుత్తులున్నయి."

పిల్లగాడు నడిమిదాన్ని ఎత్తి, వెనక పక్కకు తిప్పి, పెట్టేశాడు. మొదటిదానికి రెండు పక్కలా నాలుగేసి ఉన్నాయి గానీ, సెల్‌ఫోన్ లైటు వేసి దగ్గరగా చూస్తే గొట్టాల గీతలు బాణం నడుము వెంట పోకుండా మెల్లగా కుడికి జారుతున్నాయి. ఇందాకటి మెలిక. అదీ పక్కకు పోయింది. మూడోది చూడ్డానికి సాదాసీదా కర్ర, పక్కకు మూడే బాణాలు, గీతల మధ్య ఎడం ఎక్కువ. ఒక కన్ను మూసి చూశాడు. బల్ల మీద దొర్లించాడు, కింద వెలుగు పడలేదు. కొస మందం చూడటానికి మార్కర్‌ను కొలబద్ద అడిగాడు.

"ఏందిరో, ఎన్నడు లేంది గిన్ని సూస్తున్నవ్? టిప్ ఎట్లుందో సూస్తలేవు."

"టిప్పు నేనే మార్చుకుంట అన్నా. కొలబద్ద ఇయ్యి."

9.6 వచ్చింది. జేబులో ఉన్న ఐదు వందలు అడ్వాన్సు పెట్టాడు. మిగతావి ఫీజు కట్టాక మిగిలితే ఇస్తానన్నాడు. అప్పటిదాకా ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దని, గోడకు ఏటవాలుగా ఆనించొద్దని, బల్ల కింద పడుకోబెట్టి ఉంచమని మార్కర్‌కు రెండుసార్లు చెప్పి, రెండో టేబుల్ ఖాళీ అయిందని పాత క్యూ పట్టుకుని ఉరికాడు.